ఒంటిగంట

ఒక గంట కొడితే ఆగల్ల.
రెండు కొడితే పోవల్ల.
పద్దెనిమిదేండ్లుగా నాకు తెలిసిన శాస్త్రం ఇంతే,
తిరపతి చిత్తూరు పల్లెవెలుగు బండిలో
నెత్తిమీద తాడు పట్టుకోని నేర్చుకున్నది.

మొహసినా మేడం మందుల చీటీ తిరగేసి
వెనకపక్క తలకాయ బొమ్మ గీసింది.
నట్టనడుమ, అడుగున, ఒక చుక్క పెట్టింది.
"బాదంపప్పంత, అంతే, రెడ్డెమ్మా.
కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అని ఒకటి పైకొచ్చి
ఈడ తలుపు తడతాది, కూడు పెట్టమని.
నిండినాక పేగులు కబురు చేస్తాయి, నరం పట్టుకోని.
ఒంట్లో కొవ్వు లెప్టిన్ అని ఇంకోదాన్ని పంపిస్తాది,
నిలవ ఉండాది, చాలు అని."

నేను చుక్కనే చూస్తా ఉండా.
మా చెంగల్రాయుడికి గడ్డ తీసింది ఆ చుక్క పక్కనే.
గడ్డ పోయింది. కండ్లు నిలబడినాయి.
"చాలు" వినే చెవి మాత్రం
గడ్డతో బాటే కొంచెం తెగిపోయింది.

"అయితే ఆ చాలు అనేది రావడం లేదా మేడం?"
"వస్తాంది. అందరికంటే ఎక్కువే వస్తాంది.
వినేవాళ్ళే లేరు."

అప్పుడర్థమయింది నాకు.
ఎనకనించి తాడు లాగతానే ఉండారు.
డ్రైవరు దగ్గిర గంటే ఊడిపోయుండాది.

గడ్డ తీసినాక ఆర్నెల్లు
వాణ్ణి నేననని మాట లేదు.
మూడో సంగటి ముద్ద అడిగితే
"అది కడుపా, కంకర మిల్లా" అన్నా.
ఒకనాటి రాత్రి ఒంటిగంటకి
చీకట్లో, పొయ్యి పక్కన కూర్చోని
నానేసిన అనపగింజలు పచ్చివే నములుతా ఉంటే
చేతిలో గిన్నె గుంజుకున్నా.
వాడు ఏడవలా. నోట్లోది మింగి
"ఇంకా ఆకలేస్తాంది మా" అన్నాడు,
వానొస్తాంది అన్నట్టు.

ఇప్పుడు వంటింటికి తాళముండాది.
చెవి నా కాకీ చొక్కా జేబులో, చిల్లర నడుమ.
బెల్లం డబ్బా ఎదురింటి గుల్జారమ్మ కాడ.
కన్నబిడ్డకి కూడు దాచే తల్లిని ఈడే చూసినాం
అంటా ఉండారంట వీధిలో.
అననీ.
కడుపు కబురు తలకెక్కడానికి
మామూలోళ్ళకే ఇరవై నిమిషాలంట.
ఇరవై నిమిషాలంటే బస్టాండు దాటి తుమ్మలగుంట.
తిన్నాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోని
ఆ తుమ్మలగుంట దాకా కతలు చెప్తా.
వాడికి తుమ్మలగుంట రాదు.
తెలుసు. అయినా చెప్తా.

ఒకనాడు అడిగినాడు:
"ఆకలి నాకా మా, నా తలకాయకా?"
ఆ రోజు కలెక్షన్ లెక్క మూడుసార్లు తప్పినా.

మొన్న ఆదివారం కడాకరి ట్రిప్పుకి వెంటబెట్టుకోని పోయినా.
చంద్రగిరి దాటినాక ఎవురో
వేయించిన శెనక్కాయల పొట్లం ఇప్పినారు.
బండంతా అదే వాసన.
వాడి ముక్కు చూసినా. గొంతు చూసినా,
ఒట్టి గుటకే, పైకీ కిందికీ.
ఎనక సీట్లో పూతలపట్టుకి టికెట్ కొడతా ఉంటే
టంగ్.
ఒకటే.

మునస్వామన్న బ్రేకేసినాడు.
స్టేజీ లేదు, ఊరు లేదు,
రెండుపక్కలా మామిడితోపుల చీకటి.
"ఎవురు దిగేది?"
ఎవురూ లెయ్యలా.
తాడు మీద చెయ్యి తియ్యకుండా
"నేనే కొట్టినా అన్నా" అన్నాడు మావాడు,
"ఆగతాదో లేదో అని."

ఇంజిను గడగడమంటానే ఉండాది.
పొట్లమాయన పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఎందుకో.
రెండు గంటలు కొట్టాల్సింది నేను.
కొంచేపు కొట్టలా.